ఇంట్లోనా, ఆఫీసులోనా అనే ముందు ఏం లెక్కపెడుతున్నామో చూడాలి

షాంఘైలో కాల్ సెంటర్ ఉద్యోగులతో ఇంటి నుంచి పని చేయించి చూస్తే పని 13 శాతం పెరిగింది. చెన్నైలో డేటా ఎంట్రీ చేసేవాళ్లతో అలాగే చేయించి చూస్తే పని 18 శాతం తగ్గింది. ఇవి నలుగురిని అడిగి రాసుకున్న అభిప్రాయ సేకరణలు కావు. ఎవరు ఇంట్లో ఉండాలి, ఎవరు ఆఫీసుకి రావాలి అన్నది లాటరీ తీసినట్టు తేల్చేసి, ఆ తర్వాత ఒక్కొక్కరి పనినీ లెక్కగట్టిన పక్కా ప్రయోగాలు. వర్క్ ఫ్రమ్ హోమ్ కావాలనేవాళ్లు మొదటిదాన్ని పట్టుకుంటారు, అందరూ ఆఫీసుకి రావాల్సిందే అనేవాళ్లు రెండోదాన్ని పట్టుకుంటారు, వాదన మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నిజానికి ఆ రెండు ఫలితాలూ సరైనవే. పని ఏ రకందో, చేసేవాళ్లు ఎవరో, ఎన్నాళ్లు చూశారో, దేన్ని దేనితో భాగించారో మారితే జవాబు తలకిందులవుతుంది. అవేమీ చెప్పకుండా ఏది మేలు అని అడిగితే ఎవరికి నచ్చిన జవాబు వాళ్లకి దొరుకుతుంది.

ఉత్పాదకత అంటే వినడానికి బరువుగా ఉంటుంది కానీ లెక్క చిన్నదే. చేసిన పనిని దానికి పట్టిన సమయంతో భాగించడం, అంతే. చిక్కంతా పైన ఏ అంకె వేయాలి, కింద ఏ అంకె వేయాలి అన్న దగ్గర వస్తుంది. కాల్ సెంటర్లో నిమిషానికి ఎన్ని కాల్స్ మాట్లాడారో తెలుస్తుంది, డేటా ఎంట్రీలో ఎంత వేగంగా, ఎన్ని తప్పులతో టైప్ చేశారో తెలుస్తుంది, అందుకే ఈ రంగం మీద పరిశోధన చేసేవాళ్లు ఎక్కువగా ఇలాంటి ఉద్యోగాల చుట్టూనే తిరుగుతారు. మరి ఒక డిజైనర్ ఈ నెల ఎంత పని చేసినట్టు? కొత్తగా చేరిన కుర్రాడి పక్కన గంటసేపు కూర్చుని తప్పు ఎక్కడుందో చూపించిన సీనియర్ ఆ గంటలో ఎంత పని చేసినట్టు? ఆ గంట అతని లెక్కలో సున్నా, కంపెనీ లెక్కలో మాత్రం బహుశా ఆ వారం మొత్తంలో విలువైన గంట అదే.

కింద వేసే అంకె దగ్గర ఇంకా ఎక్కువ గందరగోళం ఉంది. గిబ్స్, మెంగెల్, సీమ్‌రోత్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆసియాలోని ఒక పెద్ద ఐటీ సేవల కంపెనీలో పదివేల మందికి పైగా ఉద్యోగుల రికార్డుల్ని, కోవిడ్‌కి ముందూ ఇంటి నుంచి పని మొదలయ్యాకా పోల్చి చూశారు. పని గంటలు పెరిగాయి. పూర్తయిన పని కాస్త తగ్గింది. గంటకి ఎంత పని జరిగింది అని చూస్తే 8 నుంచి 19 శాతం దాకా పడిపోయింది. ఇదే పరిస్థితిని మూడు కుర్చీల్లోంచి చూడొచ్చు. పై అధికారి ప్రాజెక్టులు దాదాపు ఎప్పట్లాగే పూర్తవుతున్నాయి, ఏ నష్టమూ లేదు అంటాడు. ఉద్యోగి తను మునుపటికంటే ఎక్కువ కష్టపడుతున్నానంటాడు. ఆర్థికవేత్త ఉత్పాదకత పడిపోయిందంటాడు. ముగ్గురి మాటా సరైనదే, ఎందుకంటే ముగ్గురూ చూసిన అంకెలు వేరు.

ఇదే లెక్కలోకి ప్రయాణాన్ని తీసుకొస్తే బొమ్మ మళ్లీ మారిపోతుంది. 27 దేశాల్లో చేసిన ఒక సర్వే ప్రకారం ఇంటి నుంచి పని చేసిన రోజున ఒక్కొక్కరికీ సగటున 72 నిమిషాల ప్రయాణ సమయం మిగిలింది. అందులో దాదాపు 40 శాతాన్ని మళ్లీ పనికే పెట్టారు. ఆఫీసుకి రానూ పోనూ పట్టే సమయానికి కంపెనీ జీతం ఇవ్వదు కాబట్టి కంపెనీ లెక్కలో అది అసలు లేనే లేదు. మనిషికి మాత్రం అది రోజులోంచి పోయిన సమయమే. ఉద్యోగి తన పనిని బయల్దేరిన దగ్గర్నుంచి తిరిగి ఇల్లు చేరేదాకా పట్టిన సమయంతో భాగిస్తాడు, కంపెనీ షిఫ్టు గంటలతో భాగిస్తుంది. ఇద్దరికీ వేర్వేరు జవాబులు రావడంలో వింత లేదు. 2022లో మైక్రోసాఫ్ట్ చేయించిన సర్వేలో 87 శాతం ఉద్యోగులు తమ పని బాగానే సాగుతోందన్నారు, తమ టీమ్ బాగా పని చేస్తోందని పూర్తి నమ్మకం ఉందన్న నాయకులు మాత్రం 12 శాతమే. ఈ తేడాని సోమరితనం అనో, అనుమానపు జబ్బు అనో తేల్చిపారేయడం తేలిక, కానీ చాలావరకు ఇది లెక్కలు కలవకపోవడం.

షాంఘై ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూస్తే

ఈ విషయం మీద ఎక్కువగా చెప్పుకునే ప్రయోగం ఇదే, సగమే చెప్పుకునేదీ ఇదే. సీట్రిప్ అనే చైనా ట్రావెల్ కంపెనీ 2010 చివర్లో తన కాల్ సెంటర్ ఉద్యోగుల్లో ఇష్టపడి ముందుకొచ్చిన వాళ్లని తీసుకుంది. పుట్టినరోజు సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నదాన్ని బట్టి సగం మందిని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పని చేయమంది, మిగతావాళ్లు ఎప్పట్లాగే ఆఫీసుకొచ్చారు. స్టాన్‌ఫోర్డ్ ఆర్థికవేత్త నికోలస్ బ్లూమ్ బృందం తొమ్మిది నెలల లెక్కలు చూసి 2015లో ఫలితాలు ప్రచురించింది. 13 శాతం అన్న అంకె అక్కడిదే.

ఆ 13లో 9 ఎక్కడివంటే, షిఫ్టులో ఎక్కువ నిమిషాలు పని చేయడం వల్ల వచ్చినవి. విరామాలు తగ్గాయి, సిక్ లీవులు తగ్గాయి, ఆలస్యంగా లాగిన్ అవడం తగ్గింది. నిమిషానికి ఎక్కువ కాల్స్ మాట్లాడటం వల్ల వచ్చింది మిగతా 4 మాత్రమే, దానికి కారణం ఇంట్లో చప్పుడు తక్కువగా ఉండటం అని వాళ్లే చెప్పారు. షిఫ్టుతో భాగిస్తే 13, నిజంగా పని చేసిన నిమిషాలతో భాగిస్తే 4. ఒకే ప్రయోగంలోంచి రెండు అంకెలు వచ్చాయి, వార్తల్లోకి పెద్దదే వచ్చింది.

ఇంటికి వెళ్లడానికి అర్హత ఎవరికి ఇచ్చారన్నది ఇంకా ముఖ్యం. కంపెనీలో కనీసం ఆరు నెలలు పని చేసి ఉండాలి, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి, పని చేసుకోవడానికి విడిగా ఒక గది ఉండాలి. అంటే పని నేర్చేసుకున్నవాళ్లు, చోటు ఉన్నవాళ్లు. పనేమో ఎవరితోనూ సంప్రదించక్కర్లేనిది. ఇంటి నుంచి పనికి ఇంతకంటే అనుకూలమైన పరిస్థితి ఊహించడం కష్టం. అయినా ఒక నష్టం బయటపడింది. పనితీరు సమానంగా ఉన్నవాళ్లని పోల్చి చూస్తే, ఇంట్లో ఉన్నవాళ్లకి ప్రమోషన్లు తక్కువగా వచ్చాయి. ఉద్యోగం మానేసేవాళ్ల సంఖ్య మాత్రం సగానికి పడిపోయింది, అది చిన్న లాభం కాదు.

ప్రయోగం ముగిశాక ఎవరికి ఇష్టమైనచోట వాళ్లు పని చేసుకోవచ్చంటే, ఇంటికి వెళ్లినవాళ్లలో దాదాపు సగం మంది తిరిగి ఆఫీసుకొచ్చేశారు. ఒంటరితనం వాళ్లు చెప్పిన ప్రధాన కారణం. ఇంట్లో పని సరిగ్గా సాగనివాళ్లు ఇలా వెనక్కి రావడంతో లాభం 13 నుంచి 22 శాతానికి ఎక్కింది. దీన్ని చూసి ఎంపిక ఉద్యోగికే వదిలేస్తే చాలు అనుకోవచ్చు. చెన్నై ప్రయోగం దగ్గర ఆ ఆశకి గట్టి దెబ్బ తగులుతుంది. ఆట్కిన్, షోయర్, షిండే చేసిన ఆ అధ్యయనంలో ఇల్లు కావాలని కోరుకున్నవాళ్లే ఇంట్లో ఎక్కువ వెనకబడ్డారు. ఆఫీసు ఇష్టపడినవాళ్లకి ఇంట్లో పని 13 శాతం తగ్గితే, ఇల్లు ఇష్టపడినవాళ్లకి 27 శాతం తగ్గింది.

ఇలా ఎందుకు జరిగింది? ఇల్లు కావాలని అడిగినవాళ్లందరూ అక్కడ పని బాగా సాగుతుందని అడగలేదు. పిల్లల్ని చూసుకోవాల్సినవాళ్లు, ఇంటి బాధ్యతలు మీద పడ్డవాళ్లు, ఆర్థికంగా కిందున్న కుటుంబాలవాళ్లు అందులో ఉన్నారు, ఈ తేడాకి కొంత కారణం ఆ ఇబ్బందులే అని అధ్యయనం చెబుతోంది. వాళ్లు చేసింది ఇష్టపడి ఎంచుకోవడం అనలేం, ఉన్న ఒకే దారిలో నడవడం అనాలి. సీట్రిప్‌లో మాత్రం నెలల తరబడి ఇంటి నుంచి పని చేసి చూశాక, తమకి కుదురుతుందో లేదో తెలుసుకుని ఎంచుకున్నారు. ఈ తేడా తెలియకుండా ఎంపిక స్వేచ్ఛ అన్న మాటని ఎంత గట్టిగా అన్నా ఉపయోగం లేదు. అలాగని ఈ ఫలితాన్ని చూపించి ఇంటి బాధ్యతలున్న ఆడవాళ్లకి ఇంటి నుంచి పని ఇవ్వకూడదు అని వాదించేవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. వాళ్లలో చాలామందికి ప్రత్యామ్నాయం ఆఫీసు కాదు, అసలు ఉద్యోగమే లేకపోవడం. కొంచెం తగ్గిన ఉత్పాదకతకీ, సున్నాకీ మధ్య పోలిక అది.

మరొక అధ్యయనం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఫార్చ్యూన్ 500 అనే అమెరికా పెద్ద కంపెనీల జాబితాలోని ఒక కంపెనీ కాల్ సెంటర్లలో కోవిడ్‌కి ముందు రిమోట్ ఉద్యోగులు, అంటే ఇంటి నుంచే పని చేసేవాళ్లు, ఆఫీసువాళ్లకంటే గంటకి 12 శాతం తక్కువ కాల్స్ మాట్లాడేవాళ్లు. చూడగానే ఇంట్లో పని సాగదని తేల్చేయాలనిపిస్తుంది. ఆఫీసులు మూసేసి అందరినీ ఇంటికి పంపాక కూడా అందులో 8 శాతం తేడా అలాగే నిలబడింది. అంటే ఎక్కువ భాగం తేడాకి కారణం ఇల్లు కాదు, రిమోట్ ఉద్యోగాల్లో చేరినవాళ్లు వేరే రకం వాళ్లు కావడం. ఒకే కంపెనీలో ఇంటివాళ్లనీ ఆఫీసువాళ్లనీ పక్కపక్కన పెట్టి పోల్చేసి నివేదికలు రాసేవాళ్లందరూ దీన్ని చదవాలి.

కనిపించని నష్టం ఎవరిది

చెన్నై ప్రయోగంలో ఇంకో అంశం ఉంది, అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది దాని గురించే. ఇంటికీ ఆఫీసుకీ మధ్య వచ్చిన తేడాలో మూడింట రెండు వంతులు మొదటి రోజునుంచే ఉంది. మిగతా వంతు ఆ తర్వాత మెల్లగా పెరిగింది, ఎందుకంటే ఆఫీసులో ఉన్నవాళ్లు పని త్వరగా నేర్చుకున్నారు. డేటా ఎంట్రీ లాంటి సాదా పనిలోనే నేర్చుకోవడంలో అంత తేడా వస్తే, ఏళ్ల తరబడి నేర్చుకోవాల్సిన పనుల్లో సంగతేంటి?

దీనికి నేరుగా జవాబిచ్చే అధ్యయనాల్లో ఇమాన్యుయెల్, హారింగ్టన్, పాలైస్ చేసినది ఒకటి. ఒక పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల టీమ్‌లు కొన్ని మొత్తంగా ఒకే బిల్డింగ్‌లో కూర్చునేవి, కొన్ని టీమ్‌ల సభ్యులు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న రెండు బిల్డింగుల్లో చెదిరి ఉండేవాళ్లు. ఒకరు రాసిన కోడ్ మీద ఇంకొకరు ఇచ్చే వ్యాఖ్యల్ని పరిశోధకులు లెక్కపెట్టారు. ఆ వ్యాఖ్యలు రాసేది కంప్యూటర్లోనే, దానికి పక్కపక్కన కూర్చోవాల్సిన అవసరం లేదు. అయినా ఒకేచోట కూర్చున్నవాళ్లకి దాదాపు ఐదో వంతు ఎక్కువ వ్యాఖ్యలు అందాయి. కోవిడ్‌లో అందరూ ఇళ్లకి వెళ్లాక ఆ తేడా మాయమైంది. ఎక్కువ నష్టపోయింది వయసులో చిన్నవాళ్లు, కొత్తగా చేరినవాళ్లు. ఇదే లెక్కలో సీనియర్లది మాత్రం వేరే కథ. జూనియర్లకి దగ్గరగా ఉన్నప్పుడు వాళ్లు రాసే కోడ్ తగ్గింది, దూరమయ్యాక వాళ్ల సొంత పని పెరిగింది.

ఈ ఫలితాన్ని కాసేపు అలాగే చూస్తూ ఉండాలి. ఆఫీసు మూసేసిన వారం నుంచి ఆ కంపెనీలో ఎవరైనా ఉత్పాదకత కొలిచి ఉంటే అది పెరిగినట్టే కనిపిస్తుంది, సీనియర్లు తలెత్తకుండా పని చేసుకుంటున్నారు కాబట్టి. ఆ పెరుగుదల ఎక్కడినుంచి వచ్చింది? జూనియర్లకి నేర్పే సమయంలోంచి తీసిన అప్పు అది. ఆ అప్పు తీర్చాల్సిన రోజు రెండు మూడేళ్ల తర్వాత వస్తుంది, అప్పటికి ఆ జూనియర్లు సీనియర్లయి ఉండాలి, కానీ రావాల్సినంత పని వాళ్లకి రాదు. అప్పుడు ఆ తగ్గుదలని ఎవరూ వర్క్ ఫ్రమ్ హోమ్ ఖాతాలో రాయరు, ఈ తరం కుర్రాళ్లకి శ్రద్ధ లేదు అంటారు. తప్పు చేయనివాళ్ల మీద పడే ఈ నింద గురించి ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడాలి. నేర్పేవాళ్లు దూరమైపోతే నేర్చుకోలేకపోవడం కుర్రాళ్ల తప్పు కాదు.

పరిచయాల విషయంలోనూ ఇలాంటిదే జరుగుతుంది. 2020 మొదటి ఆరు నెలల్లో మైక్రోసాఫ్ట్ అమెరికా ఉద్యోగులు అరవై వేల మందికి పైగా ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూస్తే, సొంత గ్రూపుల లోపల మాటలు గట్టిపడ్డాయి, గ్రూపుల మధ్య వంతెనల్లాంటి పరిచయాలు పలచబడ్డాయి. ముందు చెప్పుకున్న ఐటీ కంపెనీ అధ్యయనంలోనూ అదే కనిపించింది. మీటింగులూ సమన్వయం పనులూ పెరిగాయి, ఎవరూ కదిలించకుండా ఏకధాటిగా పని చేసుకునే గంటలు తగ్గాయి, పై అధికారితో విడిగా మాట్లాడటం తగ్గింది. ఇంట్లో కూర్చుంటే నిశ్శబ్దంగా పని చేసుకోవచ్చు అన్న మామూలు నమ్మకానికి ఇది పూర్తిగా ఎదురు. పక్క సీటులోకి తొంగిచూసి రెండు నిమిషాల్లో తేల్చుకునే సంగతికి ఇప్పుడు క్యాలెండర్లో అరగంట పెట్టాలి, ఐదుగుర్ని పిలవాలి.

కొత్త ఆలోచనలు పుట్టడంలో కూడా ఎదురెదురుగా కూర్చున్నవాళ్లదే పైచేయి అని 2022లో నేచర్ పత్రికలో వచ్చిన బ్రక్స్, లెవావ్ ప్రయోగం చూపించింది. వీడియో కాల్‌లో మాట్లాడుకున్న జంటలకి తక్కువ ఆలోచనలు వచ్చాయి, కళ్లు స్క్రీన్‌కి అతుక్కుపోతే మనసు కూడా ఇరుకవుతుందని వాళ్ల వివరణ. కానీ వచ్చిన ఆలోచనల్లోంచి మంచిదాన్ని ఎంచుకోవడంలో వీడియోవాళ్లు ఏమీ తీసిపోలేదు. కాబట్టి ప్రతి మీటింగూ మనుషులు కలిసే చేయాలనడం తప్పు, ఏదీ అక్కర్లేదనడమూ తప్పు.

ఆఫీసులో ఉన్నంత మాత్రాన

ఇంతవరకూ చదివి ఆఫీసే గెలిచిందని అనుకోకూడదు. 1970ల్లోనే ఎంఐటీ ప్రొఫెసర్ థామస్ అలెన్ ఇంజనీర్ల మధ్య మాటల్ని దూరంతో పాటు కొలిచాడు. సీట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు వేగంగా పడిపోతాయి, యాభై మీటర్ల దగ్గరికి వచ్చేసరికి దాదాపు అడుగంటుతాయి. ఇంకో అంతస్తులో కూర్చున్న సహోద్యోగి ఒకరకంగా ఇంకో ఊళ్లో ఉన్నట్టే. అలాగని అందరినీ ఒక పెద్ద హాల్లో గోడల్లేకుండా కూర్చోబెడితే మాటలు పెరుగుతాయా అంటే అదీ లేదు. హార్వర్డ్‌కి చెందిన బెర్న్‌స్టీన్, టర్బన్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు పెద్ద కంపెనీలు ఇలాంటి ఓపెన్ ఆఫీసుకి మారేటప్పుడు ఉద్యోగులకి సెన్సర్లు తగిలించి చూస్తే, ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం తగ్గాయి, ఈమెయిళ్లు పెరిగాయి. అందరూ చూస్తున్నారంటే మనిషి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తనలోకి ముడుచుకుపోతాడు.

టీమ్‌లో సగం మంది వేరే నగరాల్లో ఉన్న ఉద్యోగి గంటన్నర ప్రయాణం చేసి ఆఫీసుకొచ్చి, అక్కడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రోజంతా వీడియో కాల్స్‌లో కూర్చుని, మళ్లీ గంటన్నర ప్రయాణం చేసి ఇంటికెళ్తే, ఇల్లూ ఆఫీసూ రెండిటిలోని నష్టాలూ అతనికే, లాభం ఒక్కటీ లేదు. హాజరు పట్టీలో మాత్రం ఆ రోజు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. దగ్గరగా ఉండటం వల్ల లాభం రావాలంటే నేర్పేవాళ్లూ నేర్చుకునేవాళ్లూ ఒకే రోజు ఒకేచోట, చేయి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. బ్యాడ్జి స్వైప్ చేయడంతో అది రాదు. ఇంజనీర్ల అధ్యయనంలోనే ఇంకో సంగతి తేలింది: టీమ్‌లో ఒక్కరు వేరే బిల్డింగ్‌లో ఉన్నా, మిగతావాళ్లు ఒకరికొకరు ఇచ్చుకునే వ్యాఖ్యలు కూడా తగ్గాయి, ఆ ఒక్కరి కోసం అందరి మాటలూ ఆన్‌లైన్‌కి మారిపోతాయి కాబట్టి.

ఆఫీసుకి పూర్తిగా తిరిగి రమ్మనే ఆదేశాలు కొత్త కాదు. యాహూ 2013లో ఇచ్చింది, ఐబీఎం 2017లో ఇచ్చింది, అమెజాన్ వారానికి ఐదు రోజులూ రావాలని 2025 జనవరి నుంచి అమలు చేసింది. వీటి వల్ల కంపెనీలు బాగుపడ్డాయా అని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన డింగ్, మా అనే పరిశోధకులు అమెరికాలోని పెద్ద కంపెనీల్ని చూస్తే, ఆర్థిక ఫలితాల్లో మెరుగుదల కనపడలేదు, ఉద్యోగుల సంతృప్తి మాత్రం పడిపోయింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలి, ఎందుకు కూర్చోవాలి అన్నది ఆలోచించకుండా అందరూ రండి అంటే వచ్చేది జనం మాత్రమే. మౌస్ కదులుతోందా లేదా అని చూసే సాఫ్ట్‌వేర్లు కూడా ఈ కోవలోవే, పనిని కొలవలేనివాళ్లు మనిషి ఉనికిని కొలుస్తారు. అలాంటి నిఘా కింద మంచి ఉద్యోగి పని మీద పెట్టాల్సిన బుర్రని మౌస్ కదిలించడం మీద పెడతాడు, ఇది ఉత్పాదకత పేరుతో ఉత్పాదకతని చంపుకోవడం.

హైబ్రిడ్ గురించి గట్టి సాక్ష్యం ఏముంది

వారంలో కొన్ని రోజులు ఇంట్లో, కొన్ని రోజులు ఆఫీసులో పని చేయడమే హైబ్రిడ్. 2010లో కాల్ సెంటర్ ప్రయోగం చేసిన సీట్రిప్పే, ట్రిప్ డాట్ కామ్‌గా పేరు మారాక, 2021, 2022ల్లో మరో ప్రయోగం చేసింది. ఈసారి కాల్ సెంటర్ వాళ్లు కారు, ఇంజనీర్లు, మార్కెటింగ్, ఫైనాన్స్ ఉద్యోగులు, మొత్తం 1,612 మంది. పుట్టినరోజు లాటరీతోనే సగం మందికి బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి పని చేసే వీలిచ్చారు. ఫలితాలు 2024లో నేచర్‌లో వచ్చాయి. రెండేళ్ల పాటు అప్రైజల్స్ చూశారు, తేడా లేదు. ప్రమోషన్లు చూశారు, తేడా లేదు. ఇంజనీర్లు రాసిన కోడ్ చూశారు, తేడా లేదు. ఉద్యోగం మానేసేవాళ్లు మాత్రం మూడో వంతు తగ్గారు, అదీ ముఖ్యంగా ఆడవాళ్లలో, మేనేజర్లు కానివాళ్లలో, ఎక్కువ దూరం నుంచి వచ్చేవాళ్లలో.

చాలా వ్యాసాలు ఈ ఫలితాన్ని హైబ్రిడ్ వల్ల ఉత్పాదకత మారదు అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. అది చాలదు. ఒక అనుభవం ఉన్న మనిషి వెళ్లిపోతే కొత్త మనిషిని వెతకాలి, ఇంటర్వ్యూలు చేయాలి, చేరినవాడికి నెలల తరబడి నేర్పాలి, ఆ నేర్పేవాళ్ల పని ఆ మేరకు ఆగుతుంది. ఈ నష్టం ఎవరి వ్యక్తిగత అప్రైజల్లోనూ కనిపించదు, మొత్తం కంపెనీ లెక్కలో మాత్రం ఉంటుంది. మానేసేవాళ్లు మూడో వంతు తగ్గడం కూడా ఉత్పాదకతే, దాన్ని వేరే ఖాతాలో రాస్తున్నాం అంతే. ఆ ప్రయోగం మొదట్లో మేనేజర్లు హైబ్రిడ్ వల్ల పని 2.6 శాతం తగ్గుతుందని అంచనా వేశారు, చూశాక వాళ్లే 1 శాతం పెరిగిందన్నారు. ఎదురుగా జరిగింది చూసి మనసు మార్చుకున్న మేనేజర్లు ఈ చర్చలో చాలా అరుదు, వాళ్లని మెచ్చుకోవాలి.

ఇంటి రోజులు ఎవరికి వాళ్లు ఎంచుకున్నవి కావన్నది అందరూ దాటేసే వివరం. బుధ, శుక్రవారాలు అని కంపెనీ ఖాయం చేసింది. మిగతా మూడు రోజులు అందరూ ఆఫీసులో ఉన్నారు. చాలా కంపెనీలు హైబ్రిడ్ పేరుతో చేస్తున్నది దీనికి పూర్తిగా వేరు. వారానికి ఏవైనా మూడు రోజులు రండి అంటారు, ఒకరు సోమవారం వస్తారు, ఇంకొకరు గురువారం వస్తారు, ఇద్దరూ నెలకోసారి కూడా కలవరు. ఒక పేరు పెట్టుకున్నంత మాత్రాన ఈ రెండూ ఒకటైపోవు. మొదటిదాని సాక్ష్యం చూపించి రెండోదాన్ని నడిపితే, వచ్చే ఫలితానికి ఆ ప్రయోగాన్ని తప్పుపట్టకూడదు.

పూర్తి రిమోట్ సంగతి కొస్తే, ఉన్న పరిశోధనలన్నీ కలిపి చూసిన బర్రేరో, బ్లూమ్, డేవిస్ సగటున 10 శాతం దాకా నష్టం ఉంటుందని 2023లో రాశారు. సగటు అన్న మాటని మాత్రం వదలకూడదు. అమెరికా పేటెంట్ కార్యాలయంలో పరిశీలకులకి ఇంటినుంచే కాదు, నచ్చిన ఊరినుంచి పని చేసుకోవచ్చు అన్నప్పుడు పని 4.4 శాతం పెరిగింది. వాళ్లు అనుభవం ఉన్నవాళ్లు, ఒక్కొక్కరి ఫైలు వాళ్లకే ఉంటుంది, ఎంత పూర్తయిందో స్పష్టంగా లెక్క తెలుస్తుంది. ఇలాంటి పనికి రోజూ ఆఫీసుకి రమ్మనడానికి కారణమేమీ లేదు. దీనికి మరో కొసన బ్రిటన్‌లో మాంచెస్టర్ పోలీసుల అత్యవసర కాల్స్ ఉన్నాయి. కాల్ ఎత్తినవాళ్లూ, ఆ సమాచారం అందుకుని పోలీసుల్ని పంపేవాళ్లూ ఒకే గదిలో ఉన్నప్పుడు స్పందన వేగంగా ఉందని తేలింది, సమాచారం మొత్తం కంప్యూటర్ ద్వారానే అందుతున్నా సరే. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి క్షణాల మీద మారే పనికి దగ్గరితనం కావాలి. ఇక 10 శాతం నష్టం వచ్చినా అద్దె మిగిలి, ఎక్కడివాళ్లనైనా తీసుకునే వీలుంటే కొన్ని కంపెనీలకి అది లాభమే, ఆ లెక్క వాళ్లిష్టం.

కంపెనీలు నిజంగా తెలుసుకోవాలనుకుంటే సీట్రిప్ చేసిన పద్ధతి ఎవరైనా చేయగలిగిందే. టీమ్‌లని లాటరీతో రెండుగా విడదీసి, ఒక భాగానికి ఖాయమైన ఇంటి రోజులు ఇచ్చి, కనీసం ఏడాది చూడటం. మొదటి మూడు నెలల్లో వచ్చే అంకెని నమ్మకూడదు, 2020లో బడులు మూసేసి పిల్లలంతా ఇంట్లో ఉన్నప్పటి అంకెల్ని అసలు నమ్మకూడదు. పూర్తయిన పనితో పాటు పట్టిన గంటలూ, తప్పులూ, మానేసినవాళ్ల సంఖ్యా రాసుకోవాలి. ఇవి చాలామంది రాసుకుంటారు. కొత్తగా చేరిన మనిషి ఎవరి సాయమూ లేకుండా సొంతంగా పని చేయడానికి ఎన్ని నెలలు పట్టిందన్న అంకెని మాత్రం ఎవరూ రాసుకోరు. ఆఫీసు రోజుల్ని, సీట్లని, సీనియర్ల సమయాన్ని దాన్ని బట్టి అమర్చుకోవాలి, నేర్పడానికి వెచ్చించిన గంటల్ని సీనియర్ల అప్రైజల్లో పనిగానే లెక్కపెట్టాలి.